విశాఖ నుంచి డాలస్‌కు ఎంత దూరం, ఎన్ని గంటలు: మీరే లెక్కకట్టుకునే పద్ధతి

డాలస్ ఎంత దూరమని ఇంటర్నెట్‌లో వెతికితే మూడు నాలుగు జవాబులు వస్తాయి. ఒకచోట 14,400 అని ఉంటుంది, ఇంకోచోట 16,000 దాటుతుంది, మరోచోట 8,950 దగ్గరే ఆగుతుంది. గంటల సంగతి ఇంకా గందరగోళం. ఒక సైటు పదిహేడున్నర గంటలంటుంది. టికెట్టు చూస్తే పద్దెనిమిదిన్నర పైచిలుకు అనిపిస్తుంది. తీరా మనిషి మంచం మీద నడుం వాల్చేది ముప్పై అయిదో గంటలో.

వీటిలో ఏదీ అబద్ధం కాదు. ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు. కిలోమీటర్ల లెక్క దారి ఎంచుకోవడానికి పనికివస్తుంది. గంటలను మాత్రం ఒకే గడియారం మీద, గుమ్మం నుంచి గుమ్మానికి లెక్కపెట్టాలి. ఇక్కడ డాలస్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. మీరు వెళ్ళేది లండన్‌కైనా మెల్‌బోర్న్‌కైనా వరుస ఇదే.

1. ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- బయలుదేరే, మారే, దిగే విమానాశ్రయాల మూడక్షరాల కోడ్‌లు
- ప్రయాణం తేదీ (నెల తెలియకపోతే అమెరికా సమయం లెక్క తేలదు)
- ప్రతి విమానం బయలుదేరే, చేరే సమయాలు, అవి ఏ ఊరి సమయాలో
- కాగితం, పెన్ను. ఫోనులో లెక్క చేసినా, మజిలీలను కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాస్తేనే తప్పు కంటికి కనిపిస్తుంది.

2. కోడ్ సరిచూసుకోండి, ఊరి పేరును నమ్మకండి

విశాఖ కోడ్ వీటీజెడ్, హైదరాబాద్‌ది హెచ్‌వైడీ. డాలస్‌కు మాత్రం రెండు విమానాశ్రయాలున్నాయి. అంతర్జాతీయ విమానాలు దిగేది డీఎఫ్‌డబ్ల్యూలో. డీఏఎల్ అంటే లవ్ ఫీల్డ్, ఊరి మధ్యలో దేశీయ విమానాలకు వాడే చిన్న విమానాశ్రయం. దూరం లెక్కలో వీటి మధ్య తేడా పెద్దగా కనిపించదు. ఒకచోట దిగి, రెండోచోట మరో విమానం ఎక్కేలా టికెట్టు కొన్నప్పుడు మాత్రం బాగా తెలిసివస్తుంది.

పేర్లు కలిసే ఊళ్ళతో ఇంకా ప్రమాదం. కాలిఫోర్నియాలోని శాన్ హోసే ఎస్‌జేసీ, కోస్టారికాలోని శాన్ హోసే ఎస్‌జేఓ. ఇంగ్లండ్ బర్మింగ్‌హామ్ బీహెచ్‌ఎక్స్, అమెరికాలోని బర్మింగ్‌హామ్ బీహెచ్‌ఎం.

మనవైపు కూడా ఒకటి చూసుకోవాలి. ఎన్ఏడీ కొత్తరోడ్డు దగ్గరున్న విమానాశ్రయం నౌకాదళం వారి ఐఎన్ఎస్ డేగాలో ఉంది. కొత్తది భోగాపురం. టికెట్టు మీద విమానాశ్రయం పేరు పూర్తిగా చదవండి. గాజువాక వారికి ఎన్ఏడీ పక్కనే, భోగాపురం ఊరి అవతల. విజయనగరం, శ్రీకాకుళం వారికి సరిగ్గా తిరగేసి. ఇంటి నుంచి బయలుదేరే వేళ దీన్నిబట్టే మారిపోతుంది.

3. నేరు దూరం కనుక్కోండి

గోడ మీది ప్రపంచ పటంలో విశాఖ నుంచి డాలస్‌కు స్కేలు పెట్టి గీత గీస్తే అది ఆఫ్రికా మీదుగా, అట్లాంటిక్ దాటుకుంటూ పోతుంది. ఆ గీతను మరిచిపోండి. భూమి గుండ్రం కాబట్టి అతి దగ్గరి దారి గ్లోబు మీదే తెలుస్తుంది.

పిల్లల గ్లోబు ఉంటే దారం తీసుకోండి. ఒక కొస విశాఖ మీద, రెండో కొస డాలస్ మీద పెట్టి బిగించండి. దారం జారి జారి ఉత్తర ధ్రువం మీదికి పోయి నిలుస్తుంది. విశాఖ తూర్పు రేఖాంశం 83.22 డిగ్రీలు, డాలస్ పశ్చిమ రేఖాంశం 97.04. రెండూ కలిపితే 180.26. అంటే డాలస్ దాదాపు సరిగ్గా మనకు అవతలి వైపున ఉంది. అలాంటి రెండు ఊళ్ళ మధ్య దగ్గరి దారి ధ్రువం మీదుగానే ఉంటుంది.

మనకు ఇది కలిసొచ్చింది, త్రికోణమితి అక్కర్లేదు. విశాఖ అక్షాంశం 17.72, కనుక ధ్రువానికి 72.28 డిగ్రీలు. డాలస్ అక్షాంశం 32.90, ధ్రువం నుంచి 57.10 డిగ్రీలు. మొత్తం 129.38. ఒక్కో డిగ్రీకి దాదాపు 111.2 కిలోమీటర్లు వేసుకుంటే సుమారు 14,400 కిలోమీటర్లు.

మిగతా ఊళ్ళకు ఈ కూడిక పనిచేయదు. మూడు మార్గాలున్నాయి:

- గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైటులో రెండు కోడ్‌ల మధ్య అడ్డగీత పెట్టి ఇవ్వండి. దూరం, దారి రెండూ చూపిస్తుంది.
- గూగుల్ ఎర్త్‌లో కొలత సాధనం వాడండి. దారులు చూపించే మామూలు మ్యాప్‌లో వెతికితే రోడ్డు దూరం వస్తుంది, లేదా దారి లేదంటుంది.
- గ్లోబు, దారం. అడ్డుకొలత 30 సెంటీమీటర్లున్న గ్లోబు మీద ఒక సెంటీమీటరు సుమారు 425 కిలోమీటర్లు. డాలస్ దారం 34 సెంటీమీటర్ల దగ్గర తేలితే మీ కొలత సరైనదే.

కిలోమీటర్లా మైళ్ళా అన్నది తప్పక చూడండి. మొదట్లో చెప్పిన 8,950 మైళ్ళ లెక్క, 1.609తో హెచ్చిస్తే 14,400 అవుతుంది. విమానయానంలో నాటికల్ మైలు ఇంకొకటుంది, అది 1.852 కిలోమీటర్లు.

4. మీరు నిజంగా ఎగిరే దూరం

విశాఖ నుంచి డాలస్‌కు నేరుగా విమానం లేదు. కాబట్టి 14,400 కిలోమీటర్లు మీరు ఎగరరు. అది కొలబద్ద మాత్రమే. మీ మజిలీలను విడివిడిగా కొలిచి కూడండి. దోహా మీదుగా అయితే:

- విశాఖ – హైదరాబాద్: 510
- హైదరాబాద్ – దోహా: 2,910
- దోహా – డాలస్: 12,745
- మొత్తం: 16,165 కిలోమీటర్లు

దుబాయ్ మీదుగా కొలిస్తే 510, 2,545, 12,920 కలిపి 15,975. రెండింటికీ తేడా రెండు వందల కిలోమీటర్లలోపే, గాలిలో పావుగంట కూడా కాదు. "దుబాయ్ దారి దగ్గర" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి, అసలు తేడా ఆగే గంటల్లో ఉంటుంది.

చుట్టుదారి నేరు దూరానికి పదిశాతం అటూ ఇటూ ఎక్కువైతే మామూలే. పాతిక శాతం దాటితే మరో దారి వెతకండి. మెల్‌బోర్న్ వెళ్ళేవారికి ఈ కొలత బాగా పనికొస్తుంది. విశాఖ నుంచి మెల్‌బోర్న్ నేరు దూరం సుమారు 8,900. సింగపూర్ మీదుగా 2,910, 6,030 కూడితే 8,940. తేడా యాభై కిలోమీటర్లు కూడా లేదు, సింగపూర్ దాదాపు ఆ గీత మీదే ఉంది. విశాఖ నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం దొరికే రోజున, తూర్పుకు పోవలసినవాళ్ళు పడమరకు హైదరాబాద్ దాకా ఎగరడం ఎందుకు?

విమానం గీసిన గీత మీదే పోతుందన్న హామీ లేదు. 2022 నుంచి అమెరికా, ఐరోపా సంస్థలకు రష్యా గగనతలం మూసి ఉంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు తన గగనతలం మూసివేశాక ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే కొన్ని విమానాలు దారి చుట్టి, నడుమ ఇంధనం కోసం ఆగవలసివచ్చింది. అందుకని పాత బ్లాగులో చదివిన గంటలు వాడకండి. టికెట్టు కొనే రోజున ఉన్న సమయపట్టికే ప్రమాణం.

5. కిలోమీటర్లను గంటలుగా మార్చడం

దూరప్రయాణపు పెద్ద విమానం గంటకు 850 నుంచి 900 కిలోమీటర్లు పోతుంది. 850తో భాగించి, నేలమీది పరుగుకూ ఎక్కడానికీ దిగడానికీ అరగంట కలపండి.

దోహా–డాలస్: 12,745ను 850తో భాగిస్తే పదిహేను గంటలు, అరగంట కలిపితే పదిహేనున్నర. సమయపట్టికలో పదహారు గంటల పైనే కనిపిస్తుంది. మిగతాది ఎదురుగాలి, చుట్టుదారి, ఆలస్యమవుతుందేమోనని సంస్థ ముందే కలుపుకున్న వెసులుబాటు.

చిన్న ప్రయాణానికి ఈ లెక్క తక్కువ చూపిస్తుంది. హైదరాబాద్‌కు 36 నిమిషాలు, పైన అరగంట వస్తుంది. నిజానికి గంటా పావు నుంచి గంటా ఇరవై దాకా రాస్తారు. గాలిలో గడిపేది కొద్దిసేపే, తక్కినదంతా నేలమీద క్యూ.

మీ లెక్కకూ సమయపట్టికకూ గంట తేడా ఉంటే పట్టించుకోకండి. మూడు గంటలు తేడా వస్తే నడుమ ఎక్కడో ఆగుతుందన్నమాట. టికెట్టు వివరాల్లో "ఒక స్టాప్" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతకండి.

6. అన్నిటినీ ఒకే గడియారం మీదికి తెండి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. టికెట్టు మీద ప్రతి సమయమూ ఆ ఊరి స్థానిక సమయం. విశాఖలో బయలుదేరేది మన సమయం, దోహాలో దిగేది దోహా సమయం. వాటిని నేరుగా తీసివేయకూడదు.

మనకంటే దోహా రెండున్నర గంటలు వెనక, ఏడాది పొడుగునా అంతే. డాలస్ మాత్రం రెండు రకాలు: వేసవిలో పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. మార్చిలో రెండో ఆదివారం, నవంబరులో మొదటి ఆదివారం మారుతుంది. 2026లో అవి మార్చి 8, నవంబరు 1.

ఊహించి రాసిన ఒక ప్రయాణం చూద్దాం, నెల జూన్:

- విశాఖలో గురువారం రాత్రి 9.30కు బయలుదేరి, హైదరాబాద్‌లో 10.50కి దిగడం
- హైదరాబాద్‌లో శుక్రవారం తెల్లవారుజాము 3.50కి బయలుదేరి, దోహాలో 5.45కు దిగడం
- దోహాలో ఉదయం 8.00కు బయలుదేరి, డాలస్‌లో అదే శుక్రవారం సాయంత్రం 4.15కు దిగడం

కళ్ళతో చూస్తే గురువారం రాత్రి తొమ్మిదిన్నర నుంచి శుక్రవారం సాయంత్రం నాలుగుంపావు దాకా, అంటే పద్దెనిమిది గంటల ముప్పావు. ఇప్పుడు డాలస్ సమయాన్ని మన గడియారానికి మార్చండి. 4.15కు పదిన్నర గంటలు కలిపితే శనివారం తెల్లవారుజాము 2.45. అసలు ప్రయాణం 29 గంటల 15 నిమిషాలు.

ముక్కలుగా కూడి సరిచూసుకోండి. విమానాల్లో 1.20, 4.25, 16.15 కలిపి 22 గంటలు. ఆగిన సమయం హైదరాబాద్‌లో 5 గంటలు, దోహాలో 2.15, కలిపి 7.15. మొత్తం 29.15. రెండు లెక్కలూ కలిశాయి. కలవకపోతే ఎక్కడో ఒక ఊరి సమయాన్ని తప్పుగా పట్టుకున్నారన్నమాట. తేడా సరిగ్గా గంట అయితే అమెరికా వేసవి సమయం, సరిగ్గా రెండున్నర అయితే దోహా, సరిగ్గా ఇరవై నాలుగైతే తేదీ.

తూర్పుకు వెళ్తే దీనికి తలకిందులు. విశాఖలో రాత్రి 11.00కు బయలుదేరి నాలుగు గంటలు ఎగిరితే సింగపూర్‌లో తెల్లవారుజాము 5.30. చూడటానికి ఆరున్నర గంటలు, అసలు నాలుగే.

7. అర్ధరాత్రి విమానం తేదీ

దీనికి విడిగా చోటు ఇవ్వక తప్పదు. మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది. విమానాల లెక్కలో రాత్రి పన్నెండుకు మారుతుంది. "15వ తేదీ 00.40" అని టికెట్టు మీద ఉంటే ఇంట్లో పెద్దవారికి అది 14వ తేదీ రాత్రే. పిల్లలు 15 అని చెప్తారు, పెద్దలు 15 రాత్రి భోజనం చేసి బయలుదేరుతారు. విమానం అప్పటికి ఒక పగలంతా ముందే వెళ్ళిపోయి ఉంటుంది.

క్యాలెండరులో ఇలా రాయండి: "14వ తేదీ సాయంత్రం ఇన్ని గంటలకు ఇల్లు కదలాలి." విమానం సమయం రాయకండి. రాహుకాలం చూసుకునేవారు కూడా చూడవలసింది ఇల్లు కదిలే వేళకే, విమానం లేచే వేళకు కాదు. అది మన చేతిలో లేదు.

చేరే సమయం పక్కన "+1" అని చిన్నగా ఉంటే మరుసటి రోజని అర్థం. "+2" కూడా ఉంటుంది, ముఖ్యంగా తిరుగు ప్రయాణంలో.

8. ఆగే గంటలు ఎంత ఉండాలి

దారి బాగున్నదా లేదా అన్నది తేలేది ఇక్కడే. ముందు ఒక ప్రశ్న: విశాఖ నుంచి డాలస్ దాకా ఒకే టికెట్టా, హైదరాబాద్ దాకా వేరు టికెట్టా?

ఒకే టికెట్టయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా, తరువాతి దాంట్లో పంపే బాధ్యత సంస్థది. హైదరాబాద్‌లో మూడు గంటలు చాలు, దోహాలో రెండు గంటలు. విశాఖలో లగేజీకి చీటీ కట్టినప్పుడు దాని మీద చివరి కోడ్ డీఎఫ్‌డబ్ల్యూ ఉందో లేదో అక్కడే, కౌంటరు ముందే చదవండి. హెచ్‌వైడీ అని ఉంటే పెట్టెలు షంషాబాద్‌లో బెల్టు మీద తిరుగుతూ మీకోసం ఎదురుచూస్తాయి.

వేరు టికెట్టయితే కనీసం ఆరు గంటలు పెట్టుకోండి. పెట్టెలు తీసుకుని, పైకి వెళ్ళి, మళ్ళీ చెక్-ఇన్ చేయాలి. అంతర్జాతీయ చెక్-ఇన్ కౌంటరు విమానానికి గంట ముందే మూసేస్తారు. మరో చిక్కు బరువు: దేశీయ విమానంలో సాధారణంగా 15 కిలోలు, అమెరికా టికెట్టులో సాధారణంగా 23 కిలోల పెట్టెలు రెండు. ఆవకాయ, పొడులు, బొబ్బట్లతో నిండిన 46 కిలోలకు విశాఖ–హైదరాబాద్ విమానంలో కట్టే అదనపు రుసుము చూశాక, విడివిడిగా కొని మిగుల్చుకున్న డబ్బు మాయమవుతుంది.

అందుకే వేరు టికెట్టువారికి రైలు కూడా లెక్కలోకి తీసుకోమంటాను. వందేభారత్‌లో సికింద్రాబాద్‌కు ఎనిమిదిన్నర గంటలు, గోదావరిలో ఒక రాత్రి. అక్కడి నుంచి షంషాబాద్‌కు కారులో కనీసం గంట. గంటలు పెరుగుతాయి, బరువు బాధ తగ్గుతుంది.

మారే ఊరిని బట్టి గుర్తుంచుకోవలసినవి:

- హైదరాబాద్: దేశీయం, అంతర్జాతీయం ఒకే భవనం. పెద్దవారికి ఇదే తేలిక.
- ఢిల్లీ: మీ దేశీయ విమానం టెర్మినల్ 1లో దిగితే, అంతర్జాతీయ విమానం ఉండే టెర్మినల్ 3కి రోడ్డు మీద వెళ్ళాలి. గంటన్నర అదనంగా వేయండి.
- ముంబై: దేశీయ విమానం టెర్మినల్ 1 అయితే అదే కథ, అంతర్జాతీయం టెర్మినల్ 2.
- అబుధాబి: అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే పూర్తవుతుంది. ఆగే సమయం మూడు గంటలుండాలి, డాలస్‌లో మాత్రం నేరుగా బయటికి రావచ్చు.
- షికాగో వంటి అమెరికా ఊరు: ఇమిగ్రేషన్ అక్కడే, పెట్టెలు తీసుకుని మళ్ళీ అప్పగించవలసిందీ అక్కడే. మూడు గంటలకు తగ్గితే ఆ టికెట్టు కొనకండి.

అక్టోబరు, నవంబరు నెలల్లో విశాఖ నుంచి వెళ్ళేవారు తుపానులను కూడా లెక్కలో వేసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విమానాశ్రయమే దెబ్బతిని కొన్ని రోజులు మూతపడింది. ఆ నెలల్లో వేరు టికెట్టు కొన్నవారు ఒక రోజు ముందే హైదరాబాద్ చేరడం క్షేమం.

9. గుమ్మం నుంచి గుమ్మానికి

ఇప్పుడు 29.15కు రెండు చివరలా కలపండి.

- ఇంటి నుంచి విమానాశ్రయం: ఎంవీపీ కాలనీ నుంచి ఎన్ఏడీ దాకా సాయంత్రం రద్దీలో గంట
- విమానాశ్రయంలో: రెండు గంటలు ముందుగా (విశాఖలోనే అంతర్జాతీయ విమానం ఎక్కితే మూడు)
- డాలస్‌లో ఇమిగ్రేషన్, పెట్టెలు: గంటన్నర
- అక్కడి నుంచి పిల్లల ఇంటికి: ముప్పావుగంట

మొత్తం 34 గంటల 30 నిమిషాలు. మందులు వాడే పెద్దవారికి ఈ అంకే ముఖ్యం. రెండు పూటల మాత్రలు కాదు, కనీసం రెండు రోజులవి చేతి సంచిలో ఉండాలి. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ తీసుకునేవారు ఏ గడియారం ప్రకారం వేసుకోవాలో బయలుదేరేముందే డాక్టరును అడిగి రాయించుకోండి.

10. తిరుగు ప్రయాణానికి మళ్ళీ మొదటి నుంచి

వెళ్ళిన గంటలే వచ్చేటప్పుడూ అనుకోకండి. ఎత్తులో గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. డాలస్ నుంచి దోహాకు వచ్చేటప్పుడు గంట, గంటన్నర తగ్గవచ్చు. కానీ దోహా, హైదరాబాద్‌లలో ఆగే సమయం వేరుగా ఉంటుంది కాబట్టి మొత్తం పెరగవచ్చు కూడా.

అమెరికాలో సమయం మారే ఆదివారం వెళ్ళేదానికీ వచ్చేదానికీ నడుమ పడితే, వెళ్ళేటప్పుడు పదిన్నర వాడినవారు వచ్చేటప్పుడు పదకొండున్నర వాడాలి. అక్టోబరులో వెళ్ళి సంక్రాంతికి వచ్చేవారందరికీ ఇది వర్తిస్తుంది.

11. లెక్క తేడా వస్తే

- సైటు చెప్పే గంటలు మరీ తక్కువ: అది నేరు దూరాన్ని వేగంతో భాగించిన అంకె, అలాంటి విమానం లేదు.
- రెండు సైట్లలో దూరం నలభై యాభై కిలోమీటర్లు తేడా: భూమి పూర్తి గోళం కాదు, లెక్కించే సూత్రం వేరు. వదిలేయండి.
- చేరే సమయం బయలుదేరే సమయం కంటే ముందుంది: పడమటి ప్రయాణంలో సహజమే, మన గడియారానికి మార్చి చూడండి.
- టికెట్టు కొన్నాక సమయం మారినట్టు సందేశం వచ్చింది: మారిన విమానం ఒక్కటే చూడకండి, దాని ముందూ వెనకా ఆగే గంటలు మళ్ళీ లెక్కించండి. ఒకటిన్నర గంటకు తగ్గితే వెంటనే ఫోను చేసి మార్పించుకోండి.

12. అవతలివారికి పంపే సందేశం

విమానాశ్రయానికి వచ్చేవారికి టికెట్టు ఫొటో పంపి ఊరుకోకండి. అందులో అయిదారు సమయాలుంటాయి, ఏదో ఒకటి చూసి వస్తారు. ఇలా రాయండి: "జూన్ 12, శుక్రవారం, డాలస్ సమయం సాయంత్రం 4.15, డీఎఫ్‌డబ్ల్యూ, టెర్మినల్ డి. బయటికి వచ్చేసరికి 5.45." విమానం నంబరు కూడా ఇస్తే ఆలస్యమైందో లేదో వారే చూసుకుంటారు. విశాఖలో ఉండిపోయినవారికి మరో వరుస పంపండి: "మన సమయం శనివారం తెల్లవారుజాము 2.45కు దిగుతారు, నాలుగున్నరకు ముందు ఫోను రాదు."